ఆపకుండా వినాల్సిన పాట

"వాషింగ్ మెషీన్ పోయింది! లోపల ఏదో విరిగింది, వినపడట్లేదా?" అని అరుస్తూ భర్త హాల్లోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆమె ఆగమనేలోపే ప్లగ్ పీకేశాడు. దుప్పట్లు సబ్బునీళ్ళలో చతికిలబడ్డాయి. మోత మాత్రం ఆగలేదు. కిటికీ గట్టు మీదున్న ఆమె ఫోన్లోంచి దర్జాగా వస్తూనే ఉంది.

"ఇదా? ఇది పాటా?"

"పాటేనండీ."

"డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది."

అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "పోన్లేరా, మెషీన్ బాగానే ఉందిగా, సంతోషించు" అంది.

ఆమె నవ్వాపుకుని ఫోన్ ఆపేసింది. ఆపితే ఇంక అంతే, మళ్ళీ మొదటికే! 'తుప్పు' బ్యాండు వాళ్ళ కొత్త ఆల్బమ్ 'తడి గోడ' అలాంటిది మరి. పాటలుగా ముక్కలు చెయ్యలేదు, మొత్తం ఒకటే పాట. వాళ్ళ సైట్లో తప్ప ఎక్కడా దొరకదు, ఎంతసేపుంటుందో చూపించదు, మధ్యలో ఆపితే మొదటినుంచే మొదలవుతుంది. ముగ్గురాడవాళ్ళు! ఒకామె పాత ఫ్రిజ్ తలుపు మీద ఫిడేలు కమాను గీస్తుంది, ఒకామె బకెట్లు వాయిస్తుంది, మూడో ఆమె పాడుతుందో గొణుగుతుందో తెలీదు గానీ వింటుంటే వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుంటుంది. అభిమానుల గ్రూపులో ఈమె పేరు 'చెవిటి మాలోకం'. మొగుడు విసుక్కుని పెట్టిన పేరే, ఆమె ముచ్చటపడి ఉంచేసుకుంది. ఆ గ్రూపులో అందరూ చివరి భాగం గురించే మాట్లాడుకుంటారు. "చెప్పకండర్రా, నేనింకా అక్కడిదాకా రాలేదు" అని రోజూ బతిమాలుతోంది. బకెట్లు ఆగి ఒక్క గొంతే మిగిలే చోటు వరకూ ఆమెకు కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఎవరికో ఏదో కావాలి. "ఊరికే ఉన్నావుగా, ఆ చొక్కా కాస్త ఇస్త్రీ చెయ్యి." "ఊరికే ఉన్నావుగా, బుడ్డిదానికి జడ వెయ్యి." రోజంతా చేసిన పనులన్నీ ఆ 'ఊరికే' కింద ఎక్కడికి పోతాయో!

కానీ అవే చెవులకి హెడ్‌సెట్ తగిలించి ఆఫీసు పనికి కూర్చుంటే మాత్రం ఇంట్లో రాజభోగమే. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం, ఇంటినుంచే. అప్పుడు భర్త మునివేళ్ళ మీద నడుస్తాడు. "ష్, అమ్మ పనిలో ఉంది" అని కూతుర్ని బయటికి తీసుకెళ్తాడు. అత్తగారు గిన్నెలు కూడా చప్పుడు కాకుండా సర్దుతుంది. చెడ్డవాళ్ళేం కాదు. అదే మరీ కష్టం, తిట్టుకుందామన్నా నోరు రాదు.

అందుకే సెలవు రోజున ఆమె దొంగ పని పెట్టుకుంది. కంప్యూటర్ తెరిచి, టైపు చేసే పేజీ ఎదురుగా ఉంచుకుని, హెడ్‌సెట్ తగిలించి, "అర్జెంటు పని వచ్చింది" అంది. అంతే! ఇల్లు ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ఫ్రిజ్ తలుపు మూలిగింది. బకెట్లు మోగాయి, ఆగాయి. గొంతు ఒక్కటే మిగిలింది. ఎవరూ పిలవలేదు! గొంతు ఇంకా ముందుకెళ్ళింది, ఆమె ఎప్పుడూ వెళ్ళని చోటికి. పక్కగదిలో ఎవరో తనకోసమే మెల్లగా పాడుకుంటుంటే గోడకి చెవి ఆనించి విన్నట్టుంది. ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా, తను రావడమే ఆలస్యమా అనుకునేసరికి కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

టీ ఇవ్వడానికి వచ్చిన అత్తగారు అది చూసింది. భుజం మీద చెయ్యి వేసి ఒక చెవి దగ్గర హెడ్‌సెట్ కొంచెం జరిపింది.

"ఏమ్మా? రోగి పోయాడా?"

ఆమెకు అర్థం కాలేదు.

"పాపం ఎంత వయసు? పిల్లలున్నారా?" అత్తగారి గొంతు నిజంగానే వణికింది. భర్త కూడా వచ్చి నిలబడ్డాడు. "అలా మనసుకి తీసుకోకు. నువ్వు కానిచ్చుకో, వంట సంగతి మేం చూసుకుంటాంలే."

ఆ క్షణంలో 'అవును, పోయాడు' అంటే చాలు. సాయంత్రం దాకా విన్నా ఎవరూ కదిలించరు. లేని మనిషి చావుకి ఇంత జాలి దొరుకుతోంది, ఉన్న మనిషి ఇష్టానికి దొరకదేం? తను నిజం చెబితే ఈ జాలంతా ఆవిరైపోతుంది, 'ఊరికే' మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. తెలుసు. అయినా ఈ ముసలావిడ ఎవరో రోగికోసం కళ్ళు తుడుచుకుంటుంటే అబద్ధం గొంతు దాటలేదు.

"ఎవరూ పోలేదత్తయ్యా. పని కాదు. పాట వింటున్నా."

భర్త మొహంలో జాలి పోయి విసుగు వచ్చింది, విసుగు వెనకాల కొంచెం దెబ్బతిన్నట్టు కూడా ఉంది.

"పాటకా ఈ ఏడుపు? మేమేదో అనుకుని... సరే, ఊరికే ఉన్నావుగా, లే మరి."

"ఊరికే లేనండీ. వింటున్నా."

అత్తగారు టీ గ్లాసు మెల్లగా ఆమెవైపు జరిపి, కొడుకు మోచెయ్యి పట్టుకుంది. అతను కదల్లేదు.

"ఇంకెంతసేపు?"

"నాకూ తెలీదు" అందామె హెడ్‌సెట్ సర్దుకుంటూ. "చివరిదాకా నన్నెవరూ ఎప్పుడూ విననివ్వలేదు."