నైరుతి మూల

ఒక గురువారం పొద్దున్న వసుమతి చక్రాల కుర్చీ తనంతట తాను కదిలింది. ఆమె చేతులు చక్రాల మీద లేవు. ఒక చేతిలో నీళ్ల పైపు ఉంది, రెండో చేత్తో బచ్చలి తీగను పక్కకి ఒత్తిగించి మొదలు చూస్తోంది. గాలి లేదు, తోసినవాళ్లు లేరు. కుర్చీ మాత్రం జానెడు దూరం ముందుకు జరిగి, నీళ్ల ట్యాంకు వైపు తిరిగి ఆగింది.

"అదేంటి!" అనుకుంది వసుమతి. వెనక్కి జరుపుకుని చక్రాలు వదిలింది. మళ్లీ జానెడు. మళ్లీ అటువైపే, నైరుతి మూలకే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంది ఆ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. కట్టి ముప్పై ఏళ్లు దాటింది. పైన ఇంకో ఇల్లు వేద్దామని ఆశపడిన బిల్డరు లిఫ్టును మేడ దాకా లాగి, ఆ ఇల్లు వేయకుండానే చేతులు దులుపుకుపోయాడు. ఆయన చేసిన పనుల్లో వసుమతికి పనికొచ్చింది ఇదొక్కటే. వెన్నులో కణితికి ఆపరేషనై కాళ్లు చచ్చుబడ్డ ఈ నాలుగేళ్లలో, రెండో అంతస్తులోని తన ఇంటి నుంచి ఎవరి సాయమూ, ఎవరి జాలీ లేకుండా ఆమె వెళ్లగలిగిన చోటు ఆ మేడ ఒక్కటే అయింది.

సనత్‌నగర్ నుంచి నీలం డ్రమ్ములు తెప్పించి, సగానికి కోయించి, ఇనప స్టాండ్ల మీద పెట్టించుకుంది. ఇరవై రెండు. స్టాండ్ల కిందికి ఆమె మోకాళ్లు సరిగ్గా దూరతాయి. ఒళ్లో గోనెపట్టా పరుచుకుని, కర్రకి కట్టిన గరిటెతో మట్టి గుల్ల చేస్తుంది. గోంగూర, బచ్చలి, వంగ, దొండపాదు, ఒక కరివేప, ఒక నిమ్మ. కిందికి దిగితే చాలు, వాచ్‌మన్ దగ్గర్నుంచి కూరగాయల బండివాడి దాకా అందరి నోటా ఒకటే మాట, పాపం. ఆ మాట వింటే వసుమతికి ఒళ్లు మండిపోతుంది. మేడ మీద మాత్రం ఆ పాపం అన్నవాళ్లే చేతులు కట్టుకు నిలబడి, "వసుమతిగారూ, రెండు రెమ్మలు కరివేపాకు ఇస్తారా" అని అడుగుతారు. ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ సుఖం కాళ్లున్నవాళ్లకి ఏం తెలుస్తుంది!

ఆ డ్రమ్ములు మొదట్లో తూర్పు గోడ వెంట, ఈశాన్యంలో ఉండేవి. పొద్దుటి ఎండ బాగా తగిలేది. ఆమె భర్త హనుమత్ప్రసాద్‌కి స్థలాల బేరాలు వరసగా మూడు చెడిపోయేసరికి, ఎవరో వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. సిద్ధాంతిగారు మేడెక్కి, డ్రమ్ముల్ని చూసి గుండెలు బాదుకున్నంత పనిచేశారు. ఈశాన్యంలో బరువా! శివశివా! ఎంత బరువున్నా నైరుతిలో పెట్టాలి, పెట్టినకొద్దీ మంచిది అన్నారు. కిందటేడు అసోసియేషన్ వాళ్లు రెండో నీళ్ల ట్యాంకు కట్టించిందీ ఆ శాస్త్రం ప్రకారమే, ఆ మూలనే, పాత ట్యాంకు పక్కన. బిల్డింగు ఎంత మోస్తుందని ఒక్క ఇంజనీరునీ అడిగిన పాపాన పోలేదు. అడ్డా మీది కూలీలు నలుగురు వచ్చి, ఒక పూటలో ఇరవై రెండు డ్రమ్ముల్నీ రెండు ట్యాంకుల పక్కన బారులు తీర్చి వెళ్లారు. వారం తిరక్కుండా వానలు మొదలయ్యాయి. తడిసిన మట్టి బరువేమిటో వసుమతికి తెలియంది కాదు.

ఆ మూల కింద, ఐదో అంతస్తులో, సంగీత వాళ్ల ఇల్లు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు. సంగీత, ఆమె భర్త తుకారాం హాల్లో రెండు మిషన్లు వేసుకుని పంజగుట్ట బట్టల షాపులకి జాకెట్లు కుడతారు. లోపలి గది తుకారాం తల్లి పోశవ్వది. డ్రమ్ములు మారిన రోజు సంగీత మేడ మీదికొచ్చి నవ్వింది. "మా నెత్తి మీద నీ తోట పెట్టినవా అక్కా! మంచిదే తియ్, ఎండకాలం మా అత్తకు సల్లగుంటది" అంది. టీ పొడి పిప్పి, గుడ్డు పెంకులు డబ్బాలో దాచి తెచ్చేది ఆమే. వసుమతికి ఆ బిల్డింగులో స్నేహితురాలంటూ ఉంటే సంగీతే.

అసోసియేషన్ ప్రెసిడెంటు కమలకుమారికి మాత్రం ఆ తోట కంట్లో నలుసు. "చూడండి వసుమతిగారూ, ఒక్క కంప్లయింటు, ఒక్క చుక్క లీకేజీ వచ్చిందంటే అన్నీ తీయించేస్తాను. లిఫ్టుకి పై బటన్ కూడా తీయించేస్తాను. తర్వాత నన్ను అనుకోవద్దు" అని జనరల్ బాడీ మీటింగులో అందరి ముందూ అనేసింది.

అందుకే, ఆ గురువారం కుర్చీ రెండోసారి జారినప్పుడు వసుమతి ఎవరినీ పిలవలేదు. కింద రాలిన నిమ్మకాయని గరిటెతో దగ్గరికి లాక్కుని, మేడ నడిమధ్యకి వెళ్లి నేల మీద వదిలింది. నిమ్మకాయ కాసేపు తటపటాయించి, ట్యాంకుల వైపు నింపాదిగా దొర్లుకుంటూ పోయింది. అక్కడ చిన్న నీటి మడుగు ఉంది. అంతకుముందు వారం లేదు. కాళ్లతో నడిచేవాళ్లకి ఆ వాలు తెలియదు. చక్రాల మీద బతికేదానికి తెలిసింది. మేడ ఆ మూలన కుంగుతోంది.

ఎవరికి చెప్పాలి? చెబితే తోట ఉండదు. లిఫ్టు పై బటన్ ఉండదు. ఇక ఆ రెండో అంతస్తు కిటికీ, ఆ పాపం.

రాత్రి భోజనాల దగ్గర సగం చెప్పింది. "ఏమండీ, పైన బండి దానంతటదే జారుతోంది."

"బ్రేకులు వదులై ఉంటాయి వసూ. శనివారం చూపిద్దాంలే" అన్నాడు హనుమత్ప్రసాద్ ఫోన్లోంచి తలెత్తకుండా.

బ్రేకులు వేయలేదండీ, నేల వాలింది అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె పెరుగు కలుపుకుని తినేసింది. శనివారం పంజగుట్టలో సర్జికల్ సామాన్ల షాపు మెకానిక్కు కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బ్రేకులు మంచిగనే ఉన్నయ్ మేడం, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. ఆ మాటతో హనుమత్ప్రసాద్ ఫికరు తీరింది. ఆమెది రెట్టింపయింది.

మంగళవారం సంగీత ఎప్పటిలాగే పెంకుల డబ్బాతో వచ్చింది. వచ్చీ రాగానే నడుం పట్టుకుని, "మా అత్త అర్ర తలుపు తెరుసుకుంటలేదక్కా. పైన పట్టుకుంటుంది. పొద్దుగాల నూకి నూకి తీసేసరికి నా నడుము పోయింది. ఎందుకట్ల అయితుందే?" అంది.

వసుమతి చేతిలో గరిటె ఆగింది. ఇదీ సమయం, చెప్పెయ్ అని లోపల్నుంచి ఎవరో మొత్తుకుంటున్నారు. ఆమె దొండతీగ సర్దుతూ, "వానలు కదా సంగీతా. చెక్క ఉబ్బుంటుంది" అంది.

"గంతేనా! నేనేందో అనుకున్న" అని సంగీత తేలిగ్గా నవ్వింది. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది అన్న నమ్మకం ఆ నవ్వులో. వసుమతి ఆమె మొహం చూడలేకపోయింది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. అనుకుని ఊరుకుంది.

ఊరుకుందంటే పూర్తిగా ఊరుకోలేదు. తన మనసుకి తాను సర్దిచెప్పుకోవడానికి ఒక పని పెట్టుకుంది. డ్రమ్ముల్లోంచి గరిటెతో మట్టి తోడి, ఒళ్లో బకెట్టు నింపుకుని, లిఫ్టులో కిందికి తీసుకెళ్లి ప్రహరీ పక్కన పోసేది. రోజుకి ఆరు బకెట్లు, ఏడు బకెట్లు. భుజాలు పీకేవి. వాచ్‌మన్ సారయ్య ముక్కు మీద వేలేసుకుని, "ఏందమ్మా, మట్టి సుత మోస్తున్నవ్, జర నాకు చెప్పరాదా" అనేవాడు. ఆమె పగలంతా తీసిన బరువుని రాత్రి కురిసిన వాన తెచ్చి మళ్లీ అక్కడే పెట్టేది. మడుగు పెరిగింది. జానెడు జారే కుర్చీ మూరెడు జారింది. ఆదివారం చెబుతాను, అందరూ ఇంట్లో ఉంటారు అనుకుంది. ఆదివారం పొద్దున్నే కమలకుమారి స్వయంగా మేడెక్కి, "గోంగూర ఎంత లేతగా ఉందో, పచ్చడికి కాస్త కోసిస్తారా" అంది. వసుమతి నిండు దోసిళ్లతో కోసిచ్చింది. అంత నవ్వు మొహంతో ఆవిడ ఏనాడూ మాట్లాడలేదు. ఆ ఆదివారమూ అలా గడిచిపోయింది.

సోమవారం తెల్లవారుజాము నుంచి కుండపోత. మధ్యాహ్నం రెండింటికి తెరిపిచ్చింది. హనుమత్ప్రసాద్ ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసు పని మీద వెళ్లాడు. వసుమతి లిఫ్టెక్కి మేడ మీదికి వచ్చింది.

మడుగు లేదు.

ఆమెకి ముందు సంతోషమే కలిగింది, నమ్మండి. నీళ్లు పోయాయి, నేల సర్దుకుందేమో అనుకుంది, వెర్రిది. అంత వాన కురిస్తే పిట్టగోడ పక్కన కూడా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ మూలన మాత్రం నేల బోసిగా ఉంది. మరి ఆ నీళ్లన్నీ ఎటు పోయాయి? చక్రాలు గట్టిగా పట్టుకుని నాలుగడుగులు దగ్గరికి వెళ్లింది. ట్యాంకు దిమ్మ కింద నుంచి డ్రమ్ముల వరస కిందికి, వేలు దూరేంత నెర్ర. దాని అంచున సన్నటి ఇసక ఒక్కో రేణువే లోపలికి జారుతోంది. ఎక్కడో కిందనుంచి, ఎండిన కట్టె విరుస్తున్నట్టు టక్కుమని చప్పుడు వచ్చింది.

సమయం రెండున్నర. ఆ వేళకి పోశవ్వ అన్నం తిని, ఆ గదిలోనే నిద్రపోతుంటుంది.

వసుమతి కుర్చీని ఎలా తిప్పిందో, లిఫ్టు దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఐదో అంతస్తులో తలుపు మీద రెండు చేతులతో బాదింది. మెడలో టేపు వేలాడుతూ తుకారాం తలుపు తీశాడు.

"అమ్మని బయటికి తీసుకురా! పైన స్లాబు కూలుతోంది తుకారాం! త్వరగా!"

అతను పరుగెత్తి లోపలి తలుపు తోశాడు. రాలేదు. భుజంతో గుద్దాడు. పైన ద్వారబంధంలో బిగుసుకుపోయి ఉంది. "అత్తా! ఓ అత్తా! లెవ్వు!" అని అరుస్తూ సంగీత గోడ కొడుతోంది. ఐదోసారికి తలుపు రెక్క మధ్యకి విరిగింది. ఆ సందులోంచి దూరి, మెలకువ కూడా సరిగ్గా రాని తల్లిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. మంచం మీద దుప్పటంతా సున్నం పెళ్లలు.

"ఏమైందిరా? ఏమైందిరా?" అంటోంది పోశవ్వ.

అప్పటికే గోడల్లోంచి నీళ్లు కరెంటు బోర్డుల్లోకి దిగుతున్నాయి. కింద సారయ్య మెయిన్ ఆఫ్ చేసేశాడు. చేయవలసిన పనే. అంతస్తంతస్తునా తలుపులు తెరుచుకుని జనం మెట్లకి పడ్డారు. సంగీత, తుకారాం పోశవ్వని చెరో రెక్కా పట్టుకుని దింపుకుపోయారు.

లిఫ్టు ఆగిపోయింది. వసుమతి ఐదో అంతస్తు వరండాలో, చీకటి పడ్డ లిఫ్టు గ్రిల్లు ముందు కూర్చుని ఉంది. మెట్లు ఆమెకి మెట్లు కావు, గోడ. పైన మళ్లీ టక్కుమంది. ఇదీ మంచిదేలే అనుకుందామె, నిజంగానే అనుకుంది.

కింది అంతస్తు నుంచి అడుగులు పైకి వచ్చాయి. తుకారాం. రొప్పుతూ ఆమె ముందు వెనక్కి తిరిగి గొంతుక్కూర్చున్నాడు. "నా మెడ పట్టుకో అక్కా. గట్టిగ పట్టుకో."

ఆమెని వీపున వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. ప్రాణం లేని ఆమె కాళ్లు అతని చేతుల్లో ఊగుతున్నాయి. అతని చొక్కా చెమటకి తడిసిపోయింది. నాలుగో అంతస్తు దాటారు. మూడో అంతస్తు మలుపు తిరుగుతుండగా పైన ఆ చప్పుడు వచ్చింది. మెట్లన్నీ అదిరాయి. ఇరవై రెండు డ్రమ్ముల మట్టి, రెండు ట్యాంకుల నీళ్లు, స్లాబుతో సహా పోశవ్వ మంచం మీద పడ్డాయి. మెట్ల సందులోంచి తెల్లటి దుమ్ము కిందికి దిగింది.

తుకారాం గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇంక అయిదు నిమిషాలైతే మా అమ్మ..." అన్నాడు. ఏడుస్తున్నాడు. "నీ కాళ్లు మొక్కుత అక్కా. నువ్వు రాకుంటే ఏమైతుండె. ఎట్ల ఎర్కయింది అక్కా నీకు? ఇప్పుడే చూసినవా?"

చూశాను, ఇప్పుడే చూశాను, అంటే సరిపోతుంది. ఎవరూ అడగరు. ఆమె గొంతు అతని చెవికి జానెడు దూరంలో ఉంది. ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక ఆమెలో మిగల్లేదు.

"పదకొండు రోజులైంది తుకారాం" అంది. "నాకు పదకొండు రోజుల నుంచి తెలుసు. తలుపు సంగతి సంగీత అడిగినప్పుడు కూడా తెలుసు."

అతని ఏడుపు ఆగింది. వీపు బిగుసుకుంది. ఆ మెట్టు మీదే తనని దింపేసి పోతే బాగుండునని వసుమతికి ఎంతో అనిపించింది.

అతను దింపలేదు. జారుతున్న ఆమెని ఒక్క కుదుపుతో పైకి సర్దుకుని, మిగిలిన మూడంతస్తులూ మోసుకుంటూ దిగాడు.