గోడౌనుకు చేరిన బావ

అధికారుల కన్ను పడిన సరుకును కొట్టులో ఉంచకూడదు, గోడౌనుకు చేర్చాలి. పరుపులాయన వ్యాపారమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది. అక్క మొగుడి విషయంలోనూ అదే పాటించాడు.

బావ తాపీ మేస్త్రీ. ఆయన కట్టిస్తున్న గోడ కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. కేసు పెట్టారని తెలియగానే పనిముట్లు అక్కడే పడేసి, ఇంటికొచ్చి అటక ఎక్కాడు. సంగతి తెలిసి పరుపులాయన పరుగున వెళ్లాడు.

"అక్కా, నీకు మతి ఉందా? పారిపోయినవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే నిన్నూ లోపలేస్తారు. పిల్లలు వీధిన పడతారు. బావను నేను తీసుకుపోతా. పోలీసులొస్తే మాత్రం అబద్ధమాడి నేరం నెత్తికెత్తుకోకు."

"మరి నీకేం కాదా తమ్ముడూ?"

"నాకేమవుతుంది? ఎవడైనా పెళ్లాం ఇల్లు వెతుకుతాడు గానీ బామ్మర్ది కొట్టు వెతుకుతాడా?"

మర్నాడు తెల్లవారుజామునే బావ దూది బస్తాల మధ్య బండిలో వచ్చి, కొట్టు వెనకున్న గోడౌనులో పరుపుల చాటుకు చేరాడు. గోడౌను తాళంచెవి గుత్తి పరుపులాయన మొలకే వేలాడుతుంది. పెళ్లాన్ని కూడా ముట్టుకోనివ్వడు. అన్నం క్యారియరు కూడా తనే పట్టుకెళ్లేవాడు.

వారం తిరక్కుండానే ఓ ప్లీడరు మెడనొప్పని దిండు కోసం వచ్చాడు. ఒక్కోటీ తల కింద పెట్టి చూసుకుంటున్నాడు. పరుపులాయన ధర వాకబు చేస్తున్నట్టే అడిగాడు.

"శిక్షాస్మృతి సవరించారంట కదండీ. పారిపోయినవాణ్ణి దాస్తే ఇప్పుడెంత పడుతుందేంటి?"

"రేటేం మారలేదయ్యా. నేరాన్ని బట్టి ఐదేళ్ల దాకా లాగుతారు. ఏం, పరుపులో ఎవర్నైనా పెట్టి కుట్టేశావా?"

పరుపులాయన నవ్వేసి ఇంకో దిండు అందించాడు. "అయినవాళ్లకేమన్నా తగ్గింపుంటుందా?"

"పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ ఆలుమగలకే మినహాయింపు. పెళ్లాం మొగుణ్ణి దాచినా, మొగుడు పెళ్లాన్ని దాచినా నేరం కాదు. బామ్మర్దులూ తోడల్లుళ్లూ మాత్రం లోపలికే. ఈ దిండు మరీ రాయిలా ఉందయ్యా."

పరుపులాయన మనసులో లెక్క వేసుకున్నాడు. అక్క ఇంటి అటక మీద ఏ ఖర్చూ లేకుండా పడి ఉన్న మనిషిని తనే బండి కట్టించి తెచ్చుకున్నాడు. చల్లారిన బొగ్గును తెచ్చి ఒళ్లో రాజేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత నష్టపు బేరం చేయలేదు.

అయినా వ్యాపారి వ్యాపారే. కొన్న సరుకు పనికిరాకపోతే వాపసు పంపాలి. పక్కకెళ్లి ఫోను తీశాడు.

"అక్కా, బావను సాయంత్రానికి ఇంటికి పంపేస్తున్నా. నీ దగ్గరుంటే తప్పే లేదంట!"

అవతల అక్క వెక్కుతోంది. "పోలీసులొచ్చి వెళ్లార్రా తమ్ముడూ. అటక కూడా దులిపారు. నన్ను తీసుకుపోతామన్నారు. నువ్వేగా అబద్ధమాడొద్దన్నావు..."

"ఏం చెప్పావక్కా?"

"నీ గోడౌనులో ఉన్నాడని చెప్పేశా. నీకేం కాదన్నావుగా!"

ఫోను చెవి దగ్గరుండగానే జీపు ఆగింది. ఎస్సై కొట్టులో అడుగు పెట్టలేదు. నేరుగా వెనక్కి నడిచి గోడౌను తాళం లాగి చూశాడు. పరుపులాయన వెంట పరుగెత్తాడు. దిండు చంకలోనే పెట్టుకుని ప్లీడరూ వచ్చాడు.

"దీని తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంటుంది?" అన్నాడు ఎస్సై.

పరుపులాయన అబద్ధాలు ఏరుకున్నాడు. పనివాళ్ల మీదికి నెట్టేయొచ్చు. ఎక్కడో పోయిందనొచ్చు. చెయ్యి దానంతటదే మొల దగ్గరికి వెళ్లి గుత్తిని చొక్కా కిందికి తోసింది. గుత్తి గల్లుమంది.

ఆ చప్పుడుకు లోపల పరుపులు కదిలాయి.

"వచ్చావా బామ్మర్దీ? ఇవాళైనా అన్నం వేడిగా తెచ్చావా?"