తుప్పు కింద చేప

తాతయ్య పోతూ నాకు మిగిల్చింది తుప్పు పట్టిన పనిముట్ల పెట్టె. విదేశానికి కాపురం మారుస్తూ దాన్నీ తీసుకెళ్తానని పట్టుబట్టాను. "అక్కడ సుత్తులు దొరకవా?" అన్నాడు మా ఆయన. "ఇది మా తాతయ్య కష్టార్జితం" అని నోరు మూయించాను.

విమానం ఎల్లుండి అనగా, పెరట్లో కూర్చుని ఉలి, రంపం, సుత్తి అన్నీ గరుకు కాగితంతో రుద్దాను. తుప్పు వదిలేకొద్దీ ఒక్కోదాని మీదా చిన్న చేప బొమ్మ బయటపడింది. అది ఎదురింటి వడ్రంగి తాత తన సామాను మీద చెక్కుకునే గుర్తు.

"కష్టార్జితమే. కాకపోతే ఆయనది" అన్నాడు మా ఆయన.

నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టె మోసుకుని ఎదురింటికి వెళ్ళాను.

వడ్రంగి తాత రంపం అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఇరవై ఏళ్ళు అడిగానమ్మా. అడిగినప్పుడల్లా 'రేపిచ్చేస్తాలే' అనేవాడు మీ తాత. నా దగ్గరున్నప్పుడు కూడా ఇవి ఇంతలా మెరవలేదు."

సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీతో పట్టుకెళ్ళు. మరి తిరిగి ఎప్పుడిస్తావు?"

"రేపిచ్చేస్తాలే తాతా" అన్నాను.