ముందే వచ్చి వెళ్లిన మనిషి

పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమెని అందరూ పళ్లక్క అనేవాళ్లు. డెంటిస్టులు పంపిన అచ్చులు ముందేసుకుని, మైనం కరిగించి, ఊడిపోయిన పళ్ల చోట కొత్తవి అమర్చడం ఆమె పని. "మా పళ్లక్కకి దవడ చూపిస్తే చాలు, ఇంటిపేరుతో సహా చెప్పేస్తుంది" అని ఓనరు నవ్వించేవాడు. అలాంటి మనిషికి రెండేళ్లుగా మతిమరుపు పట్టుకుంది.

గ్యాసు కట్టెయ్యడం మర్చిపోయేది. వీధి తలుపు బార్లా వదిలేసేది. ఎనిమిదేళ్ల కూతురి ఉబ్బసం మందు మూత తీసి కిటికీలో పెట్టేసేది. ఏదీ తను చేసినట్టు గుర్తుండేది కాదు. ప్రతిసారీ భర్తే చూసి సరిచేసేవాడు.

ఆయన ఇన్సూరెన్సు సర్వేయరు. కాలిపోయిన గోడౌన్లూ, గుద్దుకున్న కార్లూ ఫోటోలు తీసి, జరిగిన నష్టం రాసివ్వడం ఆయన ఉద్యోగం. చెయ్యెత్తడం అటుంచి, ఇంట్లో ఏనాడూ గొంతు కూడా పెంచి ఎరగడు. "పర్లేదులే, నేను చూసుకున్నాగా" అనేవాడు చల్లగా. ఆ మాట వినపడితే చాలు, ఆమె లేచి వెళ్లి గ్యాసు మళ్లీ చూసుకునేది. డాక్టరుకి చూపించుకుంటే, ఆయన పరీక్షలన్నీ చేసి, "మీకేం లేదమ్మా, నాకంటే గట్టిగా ఉన్నారు" అన్నాడు.

ఒకరోజు ఒళ్లు వెచ్చబడి మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. తలుపు ఓరగా తీసి ఉంది. చెప్పులు విప్పుతూ లోపలికి చూసింది. భర్త వంటగదిలో ఉన్నాడు. గ్యాసు నాబ్ తిప్పాడు. రెండడుగులు వెనక్కి వేసి ఫోనుతో ఫోటో తీశాడు. సరిగ్గా రాలేదేమో, కాస్త పక్కకి జరిగి ఇంకోటి తీశాడు. తర్వాత నాబ్ కట్టేసి, కిటికీ తెరిచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూడంతస్తుల మెట్లూ దిగిపోయింది. బస్టాపులో కూర్చుని అక్కకి ఫోన్ చేసింది.

"కళ్లారా చూశావా?" అంది అక్క.

"చూశానక్కా."

"నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్నానే మా మరిది!" అంది అక్క. "ఇంక ఆ మనిషితో ఒక్క మాటా అనకు. ముందు లాయరుని చూడు."

ఊళ్లో విడాకుల కేసులకి పేరున్న లాయర్లు ముగ్గురు. మొదటాయన ఆదరంగా కూర్చోబెట్టి, కాగితం తీసి, భర్త పేరు అడిగాడు. చెప్పింది. ఆయన పెన్ను ఆగిపోయింది. మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ కేసు నేను తీసుకోలేనమ్మా."

"ఎందుకండీ?"

"అది కూడా చెప్పకూడదు" అంటూ లేచి నిలబడ్డాడు.

రెండో లాయరు అసలు గదిలోకే పిలవలేదు. బయట కూర్చున్న గుమాస్తా లోపలికి పేరు తీసుకెళ్లి, తిరిగొచ్చి, కుదరదన్నాడు. మూడోచోట ఆమెకి ఏడుపు ఆగలేదు. అక్కడి జూనియరు లాయరు, పెళ్లయి ఏడాది కూడా కాని అమ్మాయి, మంచినీళ్లిచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఒక పక్షం రహస్యాలు విన్న లాయరు రెండో పక్షానికి వాదించకూడదండీ. మీ వారు వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్లారు. అంతకుమించి నన్నడక్కండి."

"ఎప్పుడొచ్చారు?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, రిజిస్టరు తిప్పి, తేదీ మీద వేలు పెట్టింది. పద్నాలుగు నెలల కిందటిది. విడిపోవాలన్న ఊహ పళ్లక్కకి కలలో కూడా లేని రోజులవి. ఆ నెలలోనే ఇద్దరూ కలిసి వెళ్లి హాలుకి కర్టెన్లు కొన్నారు. రంగు ఆయనే ఎంచాడు.

ఆ జూనియరే, మెట్ల దాకా వచ్చి, ఇంకో పేరు చెప్పింది. ప్రింటింగు ప్రెస్సు మీద చిన్న గది. లోపలున్న లాయరమ్మ యాభై దాటిన మనిషి, ఎక్కువగా అద్దె ఇళ్ల తగాదాలు చూస్తుంది. భర్త పేరు వినగానే కళ్లజోడు తీసింది. పళ్లక్క సంచి భుజానికి తగిలించుకుని లేవబోయింది.

"వచ్చాడు" అంది లాయరమ్మ. "మీకేం కావాలని అడిగాను. ఏమీ వద్దండీ, ఊరికే మా ఇంటి సంగతి మీ చెవిన వేద్దామని, అన్నాడు. ఏమీ అక్కర్లేనివాడు లాయరు గడప తొక్కడమ్మా. కుర్చీలో కూర్చోనివ్వకుండానే పంపేశాను. నేనేమీ వినలేదు కాబట్టి నీకు అడ్డేం లేదు. ఇప్పుడు నువ్వు చెప్పు."

చెప్పేసరికి టీ రెండుసార్లు చల్లారిపోయింది. లాయరమ్మ ఒకే ఒక్క సలహా ఇచ్చింది. పిటిషను సిద్ధమయ్యేదాకా ఇంట్లో మామూలుగా ఉండమంది. పాప కాగితాలన్నీ ఒక్కొక్కటే ల్యాబుకి చేర్చమంది.

మామూలుగా ఉండటం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. వండింది, వడ్డించింది, పాపకి జడ వేసింది. నాలుగోరోజు భోజనాల దగ్గర ఆయన పెరుగు కలుపుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

"నీ దగ్గర ప్రెస్సు ఇంకు వాసన వస్తోందే."

"ల్యాబులో కొత్త కెమికల్ తెచ్చారు" అని ఎలాగో అనేసింది.

"అలాగా" అన్నాడు. పాప వైపు తిరిగి నవ్వాడు. "అమ్మకి ఈమధ్య ఏ వాసన ఏదో కూడా తెలీడం లేదు, చూశావా?"

మర్నాడే ల్యాబుకి కోర్టు సమన్లు వచ్చాయి. ఆయనే ముందు కేసు వేశాడు. భార్యకి మతి స్థిమితం లేదనీ, బిడ్డ ప్రాణానికి ప్రమాదమనీ, విడాకులిచ్చి పాపని తనకి అప్పగించమనీ అడిగాడు. వెనక నలభై ఒక్క ఫోటోలు, తేదీలతో సహా, అచ్చం ఆయన రాసే నష్టం రిపోర్టులాగే ఉన్నాయి. ఆ సాయంత్రం స్కూలు నుంచి పాపని తీసుకుని అటునుంచటే అక్క ఇంటికి వెళ్లిపోయింది.

లాయరమ్మ ఆ ఫోటోలు బల్ల మీద పరిచి ఒక్కొక్క తేదీ చదివింది. "ఈ రోజు ఎక్కడున్నావు? ఈ రోజు?" పళ్లక్క గుర్తు తెచ్చుకుంటూ పోయింది. ఇరవై ఏడో ఫోటో దగ్గర, తోడొచ్చిన అక్కే పక్కనుంచి అరిచింది.

"అది నాకు గర్భసంచి ఆపరేషనయిన వారమే! ఇది మూడు రోజులూ నా మంచం పక్కనే ఉంది, పాపతో సహా!"

ఆస్పత్రి రిజిస్టరులో తోడున్న మనిషిగా ఆమె సంతకం ఉంది. ఆ మూడు రోజుల్లో తీసిన ఫోటోలు రెండు.

జడ్జి ఆ రెండింటినీ చాలాసేపు చూశాడు. ఇంట్లో లేని మనిషి గ్యాసు ఎలా తిప్పిందని అడిగితే, సర్వేయరు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. "ఫోనులో తేదీ తప్పు పడి ఉంటుందండీ" అన్నాడు. మిగతా ముప్పై తొమ్మిదీ ఎలా నమ్మమంటావని లాయరమ్మ అడిగింది.

ఏడాది తిరిగాక తీర్పు వచ్చింది. విడాకులూ, పాప బాధ్యతా ఆమెకే. ఆయన నెలకి రెండుసార్లు, కోర్టు మనిషి ఎదుట మాత్రమే బిడ్డని చూడొచ్చు. అక్క కళ్లు తుడుచుకుంది. పళ్లక్కకి మాత్రం, ఏడాదిగా బిగబట్టిన దవడలు వదులయ్యేసరికి, నొప్పి మొదలైంది.

వరండాలో సర్వేయరు ఎదురొచ్చాడు. పళ్లక్క వైపు చూడనైనా చూడలేదు. లాయరమ్మకి నమస్కారం పెట్టాడు.

"బాగా వాదించారు మేడమ్. మీ చెల్లెలుగారికి కాలు కుదుటపడిందా? ఆస్పత్రిలో రెండో అంతస్తులో ఇచ్చారుగా గది, గాలి బాగా వస్తుంది."

మర్యాదగా పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.

లాయరమ్మ గబుక్కున పళ్లక్క వైపు తిరిగింది. "నా చెల్లెలి సంగతి నీకెప్పుడైనా చెప్పానా?" అంది.

"మీకు చెల్లెలుందనే నాకు తెలీదండీ."

లాయరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. అవతల నర్సు సంబరంగా చెబుతుంటే పళ్లక్కకీ వినపడింది. "బావగారట, మొన్న వచ్చారండీ. ఎంత మంచాయనో! ఆవిడ నిద్రలో ఉంటే లేపొద్దని, ఓ పావుగంట పక్కన కూర్చుని వెళ్లారు."

"ఇంకెవర్నీ పంపకండి. నేనొస్తున్నా" అంది లాయరమ్మ.

అక్క పాప కోసం స్కూలుకి పరుగెత్తింది. పళ్లక్క మాత్రం లాయరమ్మతోనే ఆటో ఎక్కింది. చెల్లెలు క్షేమంగానే ఉంది, పుస్తకం చదువుకుంటోంది. ఆమెని అప్పటికప్పుడు వేరే వార్డుకి మార్పించారు. లాయరమ్మ అక్కడే మంచం అంచున కూర్చుని పోలీసులకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేసింది.

"ఇటివ్వండి" అని పళ్లక్క కాగితం అందుకుంది. "మీరు చెప్పండి, నేను రాస్తాను. ఆ మనిషి ఎలా చేస్తాడో నాకు తెలుసు."