సున్నా పెట్టనన్న మరదలు

ఆ కంపెనీ బావగారిది. లెక్కలు అక్కవి. ప్రోగ్రాములు మరదలివి. తగవులు మాత్రం ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి.

ఈసారి తగవు ఒక గడి దగ్గర వచ్చింది. ఒకావిడ నడిపే ప్రింటింగ్ ప్రెస్సులో మూడు కంప్యూటర్లున్నాయి. దేంట్లో ఎంత మెమరీ అందుబాటులో ఉందో ఒకే తెర మీద, ఒక్కోదానికి ఒక్కో గడిలో చూపించాలి. మూడింటినీ నడిపే సాఫ్ట్‌వేర్ యునిక్స్ వంశానిదే. అయితేనేం, అన్నదమ్ముల్లాగే ఒకరి లెక్క ఒకరికి పొసగదు. మొదటిది కిలోబైట్లలో చెబుతుంది. రెండోది పేజీలనే మెమరీ ముక్కల్లో చెప్పి, ఒక్కో పేజీ ఎంతో మళ్ళీ విడిగా అడిగించుకుంటుంది. ఆ రెంటినీ మరదలు బుజ్జగించి ఒక దారికి తెచ్చింది. మూడోది ముసలిది. ఊరికే పడున్న మెమరీ ఎంతో చెబుతుంది గానీ, అవసరం పడితే ఇంకెంత సర్దగలదో చచ్చినా చెప్పదు. అందుకని ఆ గడిలో ఆమె "తెలియదు" అని రాసింది.

అది చూసి బావగారు ఇంతెత్తున లేచాడు.

"రేపు ప్రెస్సావిడకి చూపించాలి తల్లీ! తెలియదేంటి, తెలియదు? ఓ సున్నా పడెయ్."

"సున్నా అంటే లేదని అర్థం బావగారూ. తెలీనిదాన్ని లేదంటానా?"

"ఎవరు చూస్తార్లే!"

"ప్రెస్సు కంప్యూటరే చూస్తుంది. మెమరీ అయిపోయిందనుకుని అచ్చు పని ఆపేస్తుంది. పంచదార ఉందా అంటే డబ్బా మూత తీయకుండానే నిండుకుందంటారా మీరు?"

"అనరు," అంది అక్క తలెత్తకుండా. "కొట్టుకెళ్ళాల్సొస్తుందని ఉందనే అంటారు."

బావగారికి ఒళ్ళు మండింది. "సున్నా పెట్టకపోతే ఈ పని ఇంకొకరికిస్తా!"

"ఇవ్వండి. నేను మాత్రం పెట్టను."

తెల్లారేలోగా ఇంకొకరు దొరకలేదు.

ప్రెస్సావిడ కళ్ళజోడు సర్దుకుని తెరంతా చూసింది. వేలు తిన్నగా మూడో గడి మీదికే వెళ్ళింది.

"తెలియదని చెప్పడానికా మీకు డబ్బులిచ్చేది?"

బావగారు దగ్గాడు. "అదీ... చిన్న పొరపాటు..."

"పొరపాటు కాదండీ," మరదలు అడ్డుపడింది. "మీ పాత మిషన్ ఆ సంగతి చెప్పదు. అది చెప్పనిది నేను కల్పించి రాయను. సున్నాయే కావాలంటే ఇంకెవరిచేతైనా పెట్టించుకోండి. అచ్చు మధ్యలో ఆగితే వాళ్ళకే ఫోన్ చేయండి."

ప్రెస్సావిడ వేలు పక్క గడుల మీదికి జరిగింది.

"మరి మిగతా రెండూ నమ్మొచ్చా?" అంది.

"తెలియకపోతే అక్కడా అదే రాసేదాన్ని."

"అయితే ఈ తెర ఇలాగే పెట్టేయండి. ముసలిదాని సంగతి తర్వాత చూద్దాం."

తిరిగొస్తుంటే బావగారు కారు నడుపుతూ గొణిగాడు. "సర్లే, గెలిచావు. కనీసం ఆ మాట అక్షరాల సైజన్నా మార్చొచ్చుగా?"

"దానికేం భాగ్యం బావగారూ, మారుస్తాను," అంది మరదలు ఎంతో బుద్ధిగా.

మర్నాటికి మార్చింది కూడా. ఇప్పుడు ఆ "తెలియదు" గదికి అవతలి గోడ దగ్గర నిలబడ్డా కనిపిస్తుంది, కళ్ళజోడు లేకపోయినా.