గోవిందు నిలబడే తీరు

సుబ్బురాజ్ బాడిసతో వేపమొద్దు బెరడు తీస్తూనే, వచ్చినావిడను కూర్చోమన్నాడు. ఆమె పేరు సింధుజ. విరుదునగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. పెళ్ళికాకుండా చనిపోయిన పిల్లలను ఇంటి దేవతలుగా నిలుపుకునేవాళ్ళకు సుబ్బురాజ్ జానెడు బొమ్మ చెక్కి ఇస్తాడు. ఆమె కూతురు కార్తిక కామెర్లతో పోయి మూడు నెలలయింది.

సింధుజ ఫోన్‌లో ఫొటో చూపబోయింది.

“ఫొటో వద్దమ్మా. పిల్ల ఎట్ల నిలుచునో చెప్పు. అదే బొమ్మ.”

“గోడకు ఆనుకొనే నిలుచును, మామా. తలకాయి ఒక పక్క వాల్చి...” ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె వెళ్ళాక, వసారాలో మంచం మీది నుంచి భార్య తాయమ్మాళ్ పలికింది. ఇంక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఆమెను ఇంటికి పంపేశారు.

“ఊరి పిల్లలందరిదీ అడిగితివి. మన గోవిందుది నన్ను ఒక్కనాడన్నా అడిగితివా?”

అతని చేయి ఆగిపోయింది. కొడుకు గోవిందు తొమ్మిదో ఏట జ్వరంతో పోయి ఇరవై ఆరేళ్ళు. అప్పట్లో అతను విరుదునగర్ నూనెమిల్లులో మూటలు మోసేవాడు. నెలకొకసారి చీకటి పడ్డాక వచ్చి, తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. ‘వచ్చే ఆడిమాసం పూజకు చెక్కుదాం’ అంటూ ఇన్నేళ్ళు అతను దాటేసింది సిగ్గుతోనే. కన్నతండ్రి అడిగే మాటా అది?

“నాకు తెలీదు తాయీ. పండుకొన్న పిల్లోణ్ణే చూస్తిని,” అన్నాడు.

తాయమ్మాళ్ దిండు మీద తల అతనివైపు తిప్పింది.

“పాదం మీద పాదం పెట్టుకొని నిలుచును. కుడిది పైన. వాకిట్లో, నువ్వు దిగే బస్సుకోసరం.”

అతను కొత్త మొద్దు తీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. సన్న ఉలితో పాదాలు తీశాడు, ఒకదానిమీద ఒకటి. తీసుకెళ్ళి ఆమె చేతిలో పెడితే, వేళ్ళతో తడిమి, “ఆ... కాలు అదే,” అంది.

మళ్ళీ వచ్చి పనిలో కూర్చున్నాడు.

“చేతులు ఎక్కడ పెట్టుకొనును?” పొట్టు ఊదుతూ అడిగాడు. జవాబు రాలేదు. ఇంకోసారి అడిగాడు. లేచి వెళ్ళి, భుజం మీద చేయివేసి, అదే మాట మెల్లగా మళ్ళీ అడిగాడు.

సాయంత్రానికి ఇంటినిండా చుట్టాలు చేరారు. వసారాలో చోటు చేస్తూ ఎవరో ఆ మొద్దును తీసి కిటికీలో పెట్టారు: కింద రెండు చిన్న పాదాలు, పైనంతా ఉలి తగలని వేపకర్ర.