సల్మె దాచిన కొమ్మ

ఆకుల మీద ఎండ.

ఒక్కో ఆకు మీద పసుపు చుక్కలు, మీగడ రంగు మరకలు... గోడకు సున్నం వేస్తుంటే చిందినట్టు.

హిల్యా రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి ఆ లైలాక్ పూల పొద ముందు నిలబడుతుంది. పందొమ్మిదేళ్లుగా అంతే. వీధిలో ప్రతి కంచె దగ్గరా లైలాక్ ఉంది — అన్నీ పచ్చవే. మచ్చల ఆకులది ఇదొక్కటే. ఆమె భర్త కాల్యో రైలు స్టేషను వెనక పొదలో ఒకే ఒక్క మచ్చల రెమ్మను చూసి, కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి అంటు కట్టాడు.

తెచ్చినవాడు పోయి ఏడేళ్లు.

పొద ఉంది.

పోయేముందు కాల్యో ఇంటి గురించి ఏమీ చెప్పలేదు. పొద గురించి చెప్పాడు.

"పచ్చ రెమ్మ కనబడితే ఆ రోజే కోసెయ్. జాలి పడ్డావో, నాలుగేళ్లలో పొదంతా పచ్చబడిపోద్ది."

మచ్చల ఆకుకు బలం తక్కువ. పచ్చ ఆకుకు ఆకలి ఎక్కువ. హిల్యా జాలి పడలేదు. కత్తెర ఎప్పుడూ ఆమె ఏప్రన్ జేబులోనే ఉంటుంది.

ఒక్కటే లోపం. మచ్చల కొమ్మలు సరిగ్గా పూయవు. ఈసారి మే నెల మంచుకు ఉన్న నాలుగు మొగ్గలూ మాడిపోయాయి.

"రోగిష్టి మొక్కకి సేవలు చేస్తున్నావు వదినా. పూయని లైలాక్‌కీ చీపురుకట్టకీ తేడా ఏంటి?" అంటుంది సల్మె.

సల్మె ఆడపడుచు. అదే ఇంట్లో పై గదిలో ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. అన్నను తప్ప ఎవరినీ లెక్కచెయ్యలేదు — వదినను అసలే. వచ్చే సోమవారం తార్తు నగరంలోని ఆసుపత్రిలో ఆమె గుండెకు ఆపరేషన్. డెబ్బై నాలుగేళ్ల గుండె. డాక్టరు అన్నీ చెప్పాడు... ఏమీ కాదన్న మాట ఒక్కటే చెప్పలేదు.

మంగళవారం హిల్యాకు ఆ కొమ్మ దొరికింది.

నీళ్ల పీపా వెనక. గోడ వైపు. మనిషెత్తు.

నిండా పచ్చ.

మూడేళ్ల కొమ్మ అది. కనబడకుండా ఎవరో పాత తాడుతో గోడకు లాగి కట్టారు. ఆ ముడి హిల్యాకు తెలుసు — సల్మె టమాటా మొక్కలకు వేసే ముడి. కొమ్మ చివర ఊదారంగు మొగ్గలు బిగుసుకుని ఉన్నాయి. పక్కన రెండు మచ్చల కొమ్మలు ఎండిపోయాయి. ఇన్నాళ్లూ మంచు పని అనుకుంది.

ఇక మిగిలిన మచ్చల కొమ్మలు మూడు.

కత్తెర తీసింది.

"కొయ్యకు వదినా."

సల్మె మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి కమ్మీ మీద. ఆయాసం.

"కాల్యో ఏం చెప్పాడో గుర్తులేదా నీకు?"

"అన్నయ్య నీకు చెప్పాడు. నాకు చెప్పలేదు." కాస్త ఊపిరి తీసుకుంది. "ఐదు రేకుల పువ్వు తిని వెళ్దామనుకున్నా. అంతే."

లైలాక్ పువ్వుకు నాలుగు రేకులు. ఎక్కడో ఒకదానికి ఐదు. కోరిక తీరాలంటే దాన్ని వెతికి, మనసులో కోరుకుని, నమిలి మింగాలి. ఏం కోరుకున్నదీ చెప్పకూడదు. దొరికిందని కూడా చెప్పకూడదు... పరీక్షలప్పుడు పిల్లలు చేసే పని. సల్మె చేస్తుందని హిల్యా కలలో కూడా అనుకోలేదు.

"వీధి నిండా ఉన్నాయిగా."

"అవి మా అన్నయ్య అంటు కట్టినవి కావు."

హిల్యా కత్తెర జేబులో పడేసింది. ఒక రోజు. ఇంకో రోజు. మొగ్గలు విచ్చలేదు. గురువారం సల్మె ఆసుపత్రికి బస్సెక్కింది.

"నా టమాటా నారు ఎండబెట్టావో, చూడు మరి" అంది. వెనక్కి తిరగలేదు.

శనివారం పూలు విచ్చాయి.

ఆదివారం హిల్యా బకెట్ బోర్లించి కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుంది. ఇలాంటివి ఆమె ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మడం లేదు.

నాలుగు.

నాలుగు.

నాలుగు. కాఫీ చల్లారింది. నాలుగు. నడుం పట్టేసింది. నాలుగు... పై గది కిటికీ మూసి ఉంది. మూడ్రోజులుగా తనను ఎవరూ దెప్పలేదు. సల్మె లేని ఇల్లు తనకు వద్దు — ఆ సంగతి ఇన్నేళ్లకు తెలిసి హిల్యాకు భయం వేసింది.

ఐదు.

మూడుసార్లు లెక్కపెట్టింది. తెంపి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నమిలింది.

చేదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి సల్మె ఫోన్.

"విచ్చాయా?"

"విచ్చాయి."

"వెతికావా?"

"వెతికాను. అన్నీ నాలుగే."



"నీ చూపు ఆనదు వదినా. కొమ్మ కొయ్యకు. నేనొచ్చి వెతుక్కుంటా."

"అప్పటికి వాడిపోతాయి."

"వచ్చే ఏడు పూస్తాయిగా."

వచ్చే ఏడు... కిటికీలోంచి మచ్చల కొమ్మలు కనబడుతున్నాయి. మూడే.

"సరే" అంది హిల్యా. "వచ్చి వెతుక్కో."

కత్తెరను తలుపు వెనక మేకుకు తగిలించింది. పొద దగ్గరికి నడిచింది. పొద్దు ఇంకా వాలలేదు.

ఆకుల మీద ఎండ — మచ్చల వాటి మీదా, పచ్చ వాటి మీదా. వాటి నీడ ఆమె చేతి మీద చుక్కలు చుక్కలుగా పడింది.

నాలుక మీద చేదు ఇంకా పోలేదు.